పాతాళంలోని వేడినీళ్లకు నెల్లూరు మెట్ట ఫిర్యాదు

అయ్యా,

మీరు అక్కడ నిక్షేపంగానే ఉంటారు. నిక్షేపాలు పెట్టేదే మీరైనప్పుడు లోటేముంది? బాగాలేనిది మా మెట్ట ప్రాంతమే.

మీ వ్యవహారం మాకు తెలియనిది కాదు. భూమి పైపొరలో టన్ను రాతికి సగటున యాభై, అరవై గ్రాముల రాగి ఉంటుంది. మీరు ఉప్పు కలుపుకుని, రెండు మూడు వందల డిగ్రీల వేడితో రాయి రాయికీ తిరిగి ఆ చిల్లర వసూలు చేస్తారు. ఉప్పులోని క్లోరిన్ చేయి వదలనంతసేపు లోహం మీ వెంట నడుస్తుంది. పైకి వచ్చే దారిలో ఒక పగులు దొరికి, ఒత్తిడి తగ్గి, ఒళ్లు చల్లబడి, గంధకం ఎదురుపడిందా, మోసుకొచ్చిందంతా అక్కడే దించి చక్కా పోతారు. చిట్టీల వాళ్లయినా ఊరు వదిలేముందు కాస్త కంగారు పడతారు.

దించారని కాదు మా గొడవ, ఎంత దించారన్నదే. టన్నుకు ఓ ఐదు కిలోలైనా ఉంటే తప్ప రాగి గని గిట్టుబాటు కావడం కష్టం. అంటే వసూళ్లు వంద రెట్లు పోగుపడాలి. మా మెట్టలోని గరిమెనపెంట దగ్గర పూర్వం వాళ్లు రాగి కోసం తవ్విన గుంటలున్నాయి. ఇప్పుడు చూపించడానికి గుంటలే ఉన్నాయి. ఎన్నికల్లోనే డిపాజిట్ గల్లంతవుతుందనుకున్నాం!

గూడూరు, సైదాపురం వైపు మీ బంధువుల మర్యాద చూడండి. శిలాద్రవమంతా గడ్డకట్టాక చివర మిగిలిన, నీరు కలిసిన ద్రవం అభ్రకాన్ని పుస్తకాలు పేర్చినట్టు పేర్చి వెళ్లింది. చీమకుర్తిలోనైతే మీ అవసరమే పడలేదు. కరిగిన రాయి తనంతట తాను మెల్లగా చల్లారి, నల్లరాతిలో కంచు రంగు చుక్కలు పొదుగుకుంది. ఆ చుక్కలు ఇప్పుడు ఓడలెక్కి విదేశాలకు పోతున్నాయి.

మాకు దక్కింది రాళ్ల మీద పచ్చమరక. మామయ్య అలాంటి రాయొకటి తెస్తే, చింతపండుతో రాగిచెంబు తోముతున్న అమ్మ తలెత్తి, "ఏరా, ఈ చిలుము కోసమా ఎండలో అంతదూరం వెళ్లావు?" అంది. తప్పేమీ అనలేదు. గాలీ తేమా తగిలిన రాగి ఎక్కడైనా చేసే పని అదే. మామయ్య పట్టు వదలక రాయిని దంచి, నిమ్మరసంలో నానబెట్టి, ఇనుపమేకు ముంచాడు. తెల్లారేసరికి మేకు కొస బియ్యపుగింజంత మేర రాగి పట్టి ఎర్రబడింది.

ఆ మేకు వసారా గోడకు కొట్టి క్యాలెండర్ తగిలించాం. మా వాటా మొత్తం అక్కడే ఉంది. వీలున్నప్పుడు వచ్చి లెక్క చూసుకోండి.

ఇట్లు,
చిలుము హక్కుదారు