‘దూప’ కొట్టేసి ‘దాహం’ రాసిన చెయ్యి

కథ ఎట్లా పుట్టిందని అడిగితే మా నల్లగొండ రచయితలు గంటసేపు చెప్తారు. రాసిన కథను ఎట్లా దిద్దుకున్నారని అడిగితే మాత్రం చాయ్ చెప్పి మాట మారుస్తారు. నాకు అన్నలాంటి రచయిత ఒకాయన ‘నేను ఒక్కటే సారి రాస్త, మళ్ల చూడ’ అని గర్వంగా అంటాడు. దిద్దితే కథలో పాణం పోతదని ఇంకొకాయన వాదన. పాలమూరులో ఒక కథల సభలో కలిసిన అమ్మాయి ఒక్కతే ఉన్నమాట చెప్పింది: ‘మళ్లీ చదవాలంటేనే టెన్షన్ సార్. బాగాలేదని తెలిసిపోతది గదా.’

ఈ భయం, ఈ బద్ధకం, ఈ గర్వం ఎక్కడి రచయితకైనా ఉండేవే. పలికించేవాడు వేరే ఉన్నాడు, మనం పలుకుతున్నామంతే అన్న నమ్మకం తెలుగులో పాతది కూడా. దేవుడు పలికించినదాన్ని దిద్దడానికి మనమెవరం అనుకుంటే ఎంత హాయి! కానీ దక్షిణ తెలంగాణ రచయితకు వీటి మీద ఇంకొకటి ఉంది. అది బడిలో మొదలైంది.

ఆరో తరగతిలో ‘మా ఊరు’ అని వ్యాసం రాయమంటే ‘మా నాయిన పొద్దుగాల్నే బాయికాడికి పోయిండు’ అని రాశాను. సారు ఎర్ర సిరాతో ‘పొద్దుగాల్నే’ కొట్టేసి ‘ఉదయాన్నే’ అని పెట్టాడు. ‘బాయికాడికి’ కాస్తా ‘బావి వద్దకు’ అయింది. ‘పోయిండు’ పోయి ‘వెళ్ళాడు’ వచ్చింది. నాయిన నాన్న అయ్యాడు. చివరికి ఆ వాక్యంలో నాదని మిగిలింది ‘మా’ ఒక్కటే. సారు చెడ్డవాడేమీ కాదు, ఆయనదీ మా పక్క ఊరే. సాయంత్రం ఇంటికి పోతే ఆయన కూడా బాయికాడికే పోయేవాడు.

దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మందిని వరసపెట్టి చూపించారు. ఆయన గద్వాల వైపు ఇటిక్యాలపాడు మనిషి. ‘మీ దగ్గర రాసేవాళ్లున్నారా’ అన్న ప్రశ్నకు అట్లా లెక్కతో సహా జవాబు దొరికింది. ‘సరే, మీరు రాసేది సరైన తెలుగేనా’ అన్న ప్రశ్నకు లెక్క చూపిస్తే సరిపోలేదు. దాన్ని ఒక్కో రచయిత ఒంటరిగా, తన చిత్తుకాగితాల ముందు కూర్చొని ఎదుర్కోవలసి వచ్చింది. నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి హోటల్లో పనిచేసి, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్ది, ఆ తర్వాత నవలాకారుడయ్యారు. పరాయివాళ్ల వాక్యాల్లో తప్పులు ఏరిన కళ్లతో సొంత వాక్యాన్ని చూసుకున్నప్పుడు ఆయనకు ఏమనిపించేదో అని చాలాసార్లు అనుకుంటాను.

పోను పోను ఒక రాజీ కుదిరింది. పాత్రలు మాండలికం మాట్లాడతాయి, కథ చెప్పే గొంతు పుస్తకభాషలో ఉంటుంది. ఇప్పటికీ చాలా కథలు ఈ పద్ధతిలోనే వస్తున్నాయి. చూడటానికి పద్ధతిగానే ఉంటుంది గానీ, కైకిలికి, అంటే కూలిపనికి, పోయొచ్చిన మల్లమ్మ కింద కూర్చొని మాట్లాడుతుంటే ఆమె సంగతి చెప్పేవాడు కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది. (ఈ వ్యాసం కూడా కుర్చీలో కూర్చునే రాస్తున్నాను, ఒప్పుకుంటున్నాను.)

అందుకే మా దగ్గర ఎవరైనా ‘కొంచెం ఎడిట్ చెయ్యన్నా’ అంటే, వినేవాడికి ‘నీ మాట మార్చుకో’ అని వినిపిస్తుంది. ఎడిటింగ్ అన్న ఒక్క మాట కింద రెండు పనులున్నాయి. భాషను ఇస్త్రీ చెయ్యడం ఒకటి. కథలో అక్కరలేనిదాన్ని తీసెయ్యడం, లోపల దాక్కున్నదాన్ని బయటికి తేవడం ఇంకొకటి. మొదటిదాని మీది కోపాన్ని రెండోదాని మీద చూపిస్తున్నాం. రాష్ట్రం వచ్చాక కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నాం, సినిమాల్లో మన యాసకు గిరాకీ పెరిగింది, మంచిదే. కానీ ‘మా భాష మా ఇష్టం’ అన్న మాట చాటున, పన్నెండు పేజీల కథలో ఐదు పేజీల ఉపన్యాసం కూడా దాక్కుంటున్నది. ఆ ఐదు పేజీలను వేలుపెట్టి చూపిస్తే యాసను అవమానించావని తగువు. ఇది నాకు మింగుడు పడదు.

నేను కూడా మొదటి చిత్తే స్వచ్ఛమైనదని, దిద్దినకొద్దీ పాడవుతుందని చాలా ఏళ్లు నమ్మినవాణ్నే. మా జిల్లా మర్రిగూడ వైపు, తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ బాధితుల మీద రాసిన కథతో ఆ నమ్మకం పోయింది. రాయడం అయ్యాక మా అమ్మకు చదివి వినిపించాను. అమ్మకు చదువు రాదు, కథ వినడం మాత్రం బాగా వచ్చు. నడుము వంగిపోయిన ముసలామె అరుగు మీద కూర్చొని ‘దాహంగా ఉంది బిడ్డా’ అనే చోట నన్ను ఆపింది. ‘గా ముసల్ది పట్నంల సదువుకున్నదారా?’ అంది. సిగ్గయింది. ముందు ‘దూప’ అనే రాసి ఉంటాను, తర్వాత పత్రికకు పంపాలన్న జంకుతో కొట్టేసి ‘దాహం’ చేసి ఉంటాను అనుకుంటూ చిత్తు నోటుబుక్కు తీశాను. కొట్టివేత ఏమీ లేదు. మొదటిసారే ‘దాహం’ అని పడింది. దూపను కొట్టెయ్యడం కాగితం మీదికి రాకముందే జరిగిపోయింది.

మేం మాట్లాడటం ఇంట్లో నేర్చుకున్నాం, రాయడం బడిలో నేర్చుకున్నాం. కలం పట్టగానే చేతికి ముందొచ్చేది బడి తెలుగే. అంటే మొదటి చిత్తు మాకు అరువు గొంతుతో వస్తున్నది. సొంత గొంతు కావాలంటే రెండోసారి, మూడోసారి కూర్చోవలసిందే. దిద్దితే పాణం పోతదనేవాళ్లు మొదటి చిత్తులో ఉన్న పాణం ఎవరిదో ఒకసారి చూసుకుంటే బాగుండునని ఇప్పుడనిపిస్తుంది.

అట్లాగని కథంతా రాసేసి చివర్లో కొత్తిమీర చల్లినట్టు గిట్ల, గట్ల, మస్తు, జర చల్లితే పని అయిపోదు. ఈ మధ్య ఇట్లాంటి కథలు చాలా చూస్తున్నాను. క్రియలకు ‘ఇండు’ తగిలిస్తారు, వాక్యం నడక మాత్రం ఎనిమిదో తరగతి వాచకం నడకే. ‘అతని హృదయంలో యాదులు మస్తుగ ఉప్పొంగినయి’ అన్న తరహా అన్నమాట. యాది మా దగ్గర ఉప్పొంగదు. యాదికొస్తది, యాదిల ఉంటది, యాది మరుస్తం. ఒక మాటను ఇంటికి పిలిస్తే దాని చుట్టాలను కూడా పిలవాలి. ఊరి పేరుతో కూడా ఇదే చిక్కు. బస్సు బోర్డు మీద మహబూబ్‌నగర్ అని ఉంటుంది. బొంబాయికో పుణెకో పనికి పోయిన కూలీని ఏ ఊరని అడిగితే పాలమూరు అంటాడు. కథలో ఏది రాయాలి? బోర్డు చూసి బస్సెక్కే ఉద్యోగి కళ్లతో చూస్తున్నామా, కూలీలను పనికి తోలుకపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడి కళ్లతోనా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఊరి పేరు దగ్గరే ఇంత ఆలోచన ఉంటే ‘ఒక్కటే సారి రాస్త’ అనేవాళ్లకు ఎట్లా కుదురుతుందో నాకు అంతుపట్టదు.

బాగా ముద్దొచ్చే వాక్యాలనే చంపెయ్యమని ఒక ఇంగ్లిష్ సలహా రచయితల నోళ్లలో తిరుగుతుంటుంది. అమెరికన్ నవలాకారుడు ఫాక్నర్ అన్నాడని చాలామంది చెప్తారు. నిజానికి అది కేంబ్రిడ్జ్ ఆచార్యుడు ఆర్థర్ క్విల్లర్ కూచ్ 1914లో శైలి గురించి మాట్లాడుతూ అన్నది. ఆయన తీసెయ్యమన్నది మురిసిపోతూ రాసిన సోకు వాక్యాన్ని. మరి మాకు సోకు ఏది? ‘దూప’ కాదు, అది ముసలామె తడారిన నోటి మాట. ‘హృదయాంతరాళం’ సోకు. చిన్నప్పుడు మార్కులు తెచ్చిపెట్టిన మాట కాబట్టి దాన్ని తీసెయ్యాలంటే పాణం ఉసూరుమంటది. ఈ సలహాను విని మా వాళ్లు ఎక్కువసార్లు అవ్వ మాటను కొట్టేశారు, అంతరాళాన్ని ఉంచుకున్నారు.

బయటివాళ్ల కత్తెర దగ్గర జంకడంలో తప్పేమీ లేదు. అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ కథలను ఆయన ఎడిటర్ గార్డన్ లిష్ ఎంతగా కోశాడంటే, పుస్తకమే ఆపెయ్యమని బతిమాలుతూ 1980 జులైలో కార్వర్ ఉత్తరం రాశాడు. పుస్తకం ఆగలేదు. మరుసటి ఏడాది వచ్చి ఆయనకు గొప్ప పేరు తెచ్చింది. కోతకు ముందరి కథలు ఆయన పోయిన 21 ఏళ్లకు, 2009లో విడిగా అచ్చయ్యాయి. ఏవి మేలన్న వాదం ఇంకా నడుస్తూనే ఉంది.

మనకు అట్లాంటి వాదం పెట్టుకునే భాగ్యం కూడా తక్కువే. కథల సంపుటి వేసుకునేది ఎక్కువగా సొంత డబ్బుతో. రచయితకూ అచ్చుకూ మధ్య ఉండేది ఇద్దరు: ముందుమాట రాసే పెద్దాయన, డీటీపీ చేసే పిల్లగాడు. పెద్దాయన మెచ్చుకుంటాడు. పిల్లగాడు ‘అను’ అనే డీటీపీ ఫాంట్ నుంచి యూనికోడ్‌కు మార్చేటప్పుడు ఒత్తులు ఎగరగొడతాడు. కథలో మూడో పేజీ ఎందుకున్నదని అడిగేవాడు ఉండడు, ఆ ప్రశ్న రచయితే వేసుకోవాలి. చేత్తో రాసే రోజుల్లో ఒక మేలుండేది. చిత్తు నుంచి సాఫు కాపీ రాసేటప్పుడు ముప్పై పేజీలు ఎత్తి రాయాలంటే వేళ్లు గుంజేవి, అక్కరలేని పేరా దగ్గర చెయ్యే మొరాయించేది. ఇప్పుడు ఫోన్లో రాస్తున్నాం. చెయ్యి నొయ్యదు, పేరా పోదు. పైగా నా ఫోన్‌కు కూడా మా సారు బుద్ధే ఉంది. ‘వచ్చి’ అని కొట్టగానే ‘వచ్చాడు’ చూపిస్తుంది, ‘వచ్చిండు’ ఎన్నడూ చూపించలేదు.

అన్నిటికంటే కష్టం, తిరిగి తిరిగి సంపాదించినదాన్ని కొయ్యడం. ఆ ఫ్లోరైడ్ కథ కోసం మర్రిగూడ వైపు ఐదుసార్లు పోయాను. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి మా జిల్లా పేరే ఉంది, నల్లగొండ టెక్నిక్ అంటారు. నాగపూర్‌లోని ‘నీరి’ (NEERI) అనే పరిశోధన సంస్థ 1970ల్లో రూపొందించింది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి బాగా తిప్పి, కదిలించకుండా ఉంచితే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుగుకు దిగుతుంది. పైనీళ్లు వడగట్టుకోవాలి. ఇదంతా కథలో పేజీన్నర రాశాను, ముసలామె మనవడి చేత చెప్పించాను. చదివిన మిత్రుడు ‘ఇది కథనా, నీళ్ల ఆఫీసు నోటీసా?’ అన్నాడు. రెండు నెలలు వాడితో మాట్లాడలేదు.

ఆ పేజీన్నర గొప్పగా ఉందని నాకూ లేదు. ఎండలో ఎక్కి దిగిన బస్సులు, మంచం మీంచి లేవలేని మనిషి కీళ్లు చూసొచ్చి నిద్రపట్టని రాత్రి, అన్నీ అందులోనే ఉన్నాయనిపించేది. చదివేవాళ్లకు అవేవీ కనిపించవు. పటిక కనిపిస్తుంది, సున్నం కనిపిస్తుంది. ఒక ఆదివారం పొద్దున కూర్చొని మొత్తం తీసేశాను. ముసలామె చెంబు ముందు పెట్టుకొని, ‘దూపైతుంది బిడ్డా’ అని నీళ్లు తాగకుండా వాటిని చూస్తూ ఉండే రెండు వాక్యాలు మిగిలాయి.

తీసేసిన ముక్కలను పారెయ్యబుద్ధి కాక వేరే ఫైల్లో పెట్టుకున్నాను. దానికి ‘పటిక’ అని పేరు పెట్టాను. కథ ఇప్పటికి తొమ్మిది పేజీలకు వచ్చింది. పటిక పద్నాలుగు పేజీలుంది.