వంతెన మీద ఫొటోలు సరే, ఆ కూలీలు ఎవరు?

కొన్ని బ్యాంకాక్ టూరు ప్యాకేజీల్లో ఒక రోజు కాంచనబురికి కేటాయిస్తారు. మేమూ వెళ్ళాం. అక్కడి క్వాయ్ నది రైలు వంతెన మీద ఫొటోలు దిగాం, కొబ్బరి నీళ్ళు తాగాం. 1942-43లో జపాన్ సైన్యం యుద్ధ ఖైదీల చేత ఈ రైలు మార్గం వేయించిందని గైడు చెప్పాడు. బ్రిటిష్ వాళ్ళు, డచ్చి వాళ్ళు, ఆస్ట్రేలియన్లు, కొందరు అమెరికన్లు. అంతటితో అతని జాబితా అయిపోయింది. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఖైదీల కష్టం చిన్నదని కాదు. థాయిలాండ్ నుంచి బర్మాలోని తాన్‌బ్యూజయాత్ దాకా 415 కిలోమీటర్ల దారి, అడవులు, కొండలు. సముద్ర మార్గంలో మిత్రరాజ్యాల జలాంతర్గాముల బెడద ఉంది కాబట్టి బర్మాలోని సైన్యానికి సరుకు చేరవేయడానికి జపాన్‌కు ఈ లైను కావాలి, అదీ ఏడాదిలో కావాలి. సుమారు 60 వేల మంది ఖైదీలను దించారు. హెల్‌ఫైర్ పాస్ అనే కొండ కోత దగ్గర రాత్రుళ్ళు మంటల వెలుగులో సుత్తులతో, ఉలులతో రాయి తొలిచారు. 12 వేల మందికి పైగా చనిపోయారు.

మరి మిగతా వాళ్ళ సంగతి? మలయా (ఇప్పటి మలేసియాలో భాగం), బర్మా, జావాల నుంచి తెచ్చిన కూలీలు రెండు లక్షల పైమాటే. మలయా రబ్బరు తోటల నుంచి వెళ్ళిన వాళ్ళలో ఎక్కువ మంది తమిళులు, వారితో పాటు తెలుగు వాళ్ళూ ఉన్నారు. మంచి కూలి ఇస్తాం, మూడు నెలల్లో తిరిగి పంపుతాం అని కొందరిని నమ్మించారు, కొందరిని పట్టుకుపోయారు. వీళ్ళలో ఎందరు చనిపోయారో కచ్చితంగా చెప్పగలిగిన వాళ్ళు లేరు. 90 వేలని ఒక అంచనా. ఖైదీల మరణాల లెక్క దాదాపుగా తేలింది, కూలీల మరణాలు ఎన్ని వేలో కూడా తేలలేదు!

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఖైదీలకు అధికారులున్నారు, డైరీలున్నాయి, వియరీ డన్‌లప్ లాంటి సైనిక వైద్యులున్నారు. నీళ్ళు కాచి తాగాలని, మరుగుదొడ్లు దూరంగా తవ్వాలని పట్టుబట్టే క్రమశిక్షణ ఉంది. కూలీలకు అవేవీ లేవు. కొందరు పెళ్ళాం బిడ్డలతో సహా వచ్చారు. 1943 వానాకాలంలో కలరా తగిలితే ఆ శిబిరాలు ఊళ్ళకు ఊళ్ళుగా ఖాళీ అయ్యాయి. యుద్ధం తర్వాత సైనికులను వెదికి, సమాధులు కట్టి, పేర్లు చెక్కారు. కాంచనబురి సైనిక శ్మశానంలో దాదాపు 7 వేల మంది ఉన్నారు, గడ్డి కూడా నీటుగా కత్తిరించి ఉంటుంది. అక్కడ కూలీకి చోటు లేదు.

పైగా ఈ వంతెనకు పేరు తెచ్చింది 1957లో వచ్చిన ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ అనే హాలీవుడ్ సినిమా. దాన్ని తీసింది శ్రీలంకలో! యాత్రికులు వచ్చి ‘క్వాయ్ నది ఏదీ’ అని అడుగుతుంటే, 1960లలో వంతెన కింది నదికి ఆ పేరే పెట్టేశారు. సినిమా కోసం నది పేరు మార్చగలిగిన ప్రపంచానికి కూలీల పేర్లు రాసుకునే తీరిక దొరకలేదు.

తెల్లవాళ్ళ మీద అరిచి ప్రయోజనం లేదు, వాళ్ళు తమ వాళ్ళను వెదుక్కున్నారు. మనం వెదికామా? ‘రంగం (రంగూన్) వెళ్ళాడు’ అనే మాట ఉత్తరాంధ్ర ఇళ్ళలో ఉంది. 1942లో బర్మా నుంచి కాలినడకన వచ్చిన వాళ్ళ కథలూ కొన్ని మిగిలాయి. మలయా వెళ్ళిన వాళ్ళ గురించి మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో నేను ఒక్క వాక్యం చదివిన గుర్తు లేదు.

మా అమ్మమ్మ గారి ఊళ్ళో ‘మలయా వాళ్ళ ఇల్లు’ అని ఒకటి ఉండేది. ఆ ఇంటి పెద్దాయన తోట పనికి వెళ్ళి యుద్ధంలో పోయాడనేవారు. యుద్ధమంటే బాంబు పడి ఉంటుందనుకునేదాన్ని. ఆయన ఈ లైను మీదే పోయాడని అనను, నా దగ్గర ఆధారం లేదు. కానీ టూరు నుంచి వచ్చాక మా పిన్నికి ఫోను చేసి అడిగాను. ఉత్తరాలు ఎప్పుడు ఆగిపోయాయో, ఏ తోటో, ఎవరికీ తెలియదు. ఇంటిపేరు చెప్పింది. ఆయన పేరు మాత్రం ఆమెకూ గుర్తు లేదు.