గెజిట్‌కెక్కని కూలి

2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సెక్యూరిటీ సర్వీసులు, నిర్మాణ పనులు సహా అయిదు రంగాల్లో కనీస వేతనాలు సవరిస్తూ అయిదు జీవోలు ఇచ్చింది. 21 నుంచి 25 దాకా వాటి నంబర్లు. జీవోలైతే వచ్చాయి గానీ పెరిగిన కూలి రాలేదు. వాటిని ప్రభుత్వ రాజపత్రమైన గెజిట్‌లో అచ్చు వేయకపోవడమే కారణం. 1948 నాటి కనీస వేతనాల చట్టం ప్రకారం కొత్త రేటు గెజిట్‌లో పడితేనే చెల్లేది. వేరే తేదీ ఏదీ చెప్పకపోతే, ప్రకటించిన మూడు నెలలకు అమల్లోకి వచ్చేది. ప్రకటనే లేనప్పుడు ఆ మూడు నెలలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? చివరికి వ్యవహారం హైకోర్టుకెక్కింది. ఆ జీవోలను గెజిట్‌లో ప్రచురించాలని 2023లో కోర్టు చెప్పాల్సి వచ్చింది. ప్రభుత్వం తాను ఇచ్చిన ఉత్తర్వును తానే అచ్చు వేయించడానికి కూడా కోర్టు ఆదేశం కావాలా? కావాలని ఆపారో, మరిచిపోయి ఆపారో గానీ, నష్టపోయింది మాత్రం అపార్ట్‌మెంటు గేటు దగ్గర పన్నెండు గంటలు కాపలా కాసే వాచ్‌మన్, సెంట్రింగ్ పనికి పోయే కూలీ.

కార్మిక శాఖ అనగానే తనిఖీలు, సమ్మెలప్పుడు చర్చలు, ప్రమాదం జరిగాక పరిహారం గుర్తొస్తాయి. ఆ శాఖ ప్రచురించే కాగితాల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అసలు కూలి తేలేది అక్కడే. కేంద్రంలో 1946లో ఏర్పడిన లేబర్ బ్యూరో నెలనెలా పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ విడుదల చేస్తుంది. దేశంలో 88 కేంద్రాల నుంచి ధరలు సేకరిస్తారు. గుంటూరు, విశాఖ, హైదరాబాద్, వరంగల్ అందులో ఉన్నాయి. ఆ సూచీని బట్టే మన రెండు రాష్ట్రాల కార్మిక కమిషనర్లు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కరువు భత్యం, అంటే వీడీఏ, ప్రకటిస్తారు. సచివాలయ ఉద్యోగి డీఏ మీద టీవీల్లో చర్చలు నడుస్తాయి. రైస్ మిల్లు హమాలీ వీడీఏ మీద ఒక్క స్క్రోలింగైనా రాదు.

సూచీ వేళకు వస్తే సరిపోదు, అందులో లెక్కించే సరుకులూ కాలానికి తగ్గట్టుండాలి. వ్యవసాయ కూలీల సూచీ సంగతి చూడండి. 1986-87ను ఆధారంగా తీసుకున్న ఆ లెక్క 2025 దాకా నడిచింది. సెల్‌ఫోన్ రీచార్జి, ప్రైవేటు బడి ఫీజు ఎరగని రోజుల ఇంటి ఖర్చు అది. ఉపాధి హామీ కూలి ఏటా ఎంత పెరగాలో తేల్చిందీ ఆ లెక్కే. 2025లో 2019 ఆధారంగా కొత్త సూచీ తెచ్చారు, సంతోషమే. ఈ మధ్యలో ఒక తరం కూలీలు పనిచేసి ముసలివాళ్లయ్యారు.

వీడీఏ వల్ల ఒక భ్రమ కూడా ఉంది. ఆరు నెలలకోసారి కొంత పెరుగుతోంది కదా అని మూల వేతనాన్ని పట్టించుకోవడం మానేశారు. అయిదేళ్లకు మించకుండా సమీక్షించాలని 1948 చట్టం చెప్పినా, ఉమ్మడి రాష్ట్రంలో ఖరారైన మూల వేతనాలే విభజన తర్వాత కూడా చాలా పనుల్లో ఏళ్ల తరబడి నడిచాయి. వీడీఏ పెరిగిన ధరను సర్దుతుందే తప్ప, మారిన బతుకును లెక్కలోకి తీసుకోదు. మనిషికి 2,700 క్యాలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట అంటూ 1957 కార్మిక సదస్సు కొలతలు పెట్టింది. పిల్లల చదువు, వైద్యం వంటి వాటికి మరో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. మూల వేతనాన్ని తిరగరాసినప్పుడే ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. కేంద్రమూ ఆదర్శంగా ఏమీ లేదు. దేశమంతటికీ కనిష్ఠంగా చెప్పే రోజుకూలిని 2019లో 176 రూపాయల నుంచి 178కి పెంచింది. అంటే రెండు రూపాయలు! ఆ కూలి ఎంత ఉండాలో తేల్చడానికి కేంద్రమే వేసిన అనూప్ సత్పథి కమిటీ నివేదిక అదే ఏడాది బయటికొచ్చింది. అది 375 ఉండాలంది.

1948 చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. అయిదేళ్ల గడువు అందులోనూ ఉంది. కేటగిరీల వారీగా రేట్లు, జీతమిచ్చే తేదీ, ఆ ప్రాంత ఇన్‌స్పెక్టర్ పేరు, చిరునామా యజమాని నోటీసు బోర్డు మీద పెట్టాలి. జీతం చీటీ ఇవ్వాలి. కాగితం మీద బాగానే ఉంది. శాఖే రేట్లు తేల్చకపోతే యజమాని బోర్డు మీద ఏం అంటిస్తాడు? ఇప్పటిదాకా మూల వేతనం ఒక జీవోలో, వీడీఏ పాయింట్లు మరో ప్రకటనలో ఉంటూ వచ్చాయి. పారిశ్రామిక కార్మికుల కొత్త సూచీని పాతదానితో కలపడానికి 2.88తో గుణించే లెక్క వేరే. అకౌంటెంటే తల గోక్కుంటాడు. పైగా చాలావరకు ఇంగ్లిషులో. ఇటుక బట్టీలో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబానికి ఇది ఎలా అందుతుంది?

మేం అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ఏప్రిల్ ఒకటిన, అక్టోబర్ ఒకటిన, ఏ పనికి రోజుకు మొత్తం ఎంత ఇవ్వాలో లెక్క కట్టేసి తెలుగు, హిందీ, ఒడియా భాషల్లో ఒకే ఒక్క పేజీ విడుదల చేయాలి. అది ప్రతి లేబర్ ఆఫీసు గోడ మీద, కూలీల అడ్డాల దగ్గర అంటించాలి. ప్రతి వేతన జీవో పక్కన గెజిట్ నంబరు, తేదీ కనిపించాలి. జీవోకూ గెజిట్‌కూ మధ్య వారం దాటకూడదని రెండు రాష్ట్రాలూ తమ నిబంధనల్లోనే రాసుకోవాలి. దాటితే ఎవరి బల్ల మీద ఎన్ని రోజులు ఆగిందో శాసనసభకు చెప్పాలి.