విషయసూచిక ఎవరు వ్రాశారు?

గుంటూరులో లూథరన్ (ప్రొటెస్టెంటు) కుటుంబంలో పుట్టినవాణ్ణి కనుక, లేఖనానికి, అంటే బైబిలుకు, తప్ప మరి దేనికీ తలవంచరాదని ఊహ తెలిసిన నాటినుంచీ నేర్చుకున్నాను. ఆ మాట ఏ లేఖనంలో ఉందో మాత్రం ఎవరూ చూపలేదు. మా నాయనకు తాతగారు చెప్పారు, తాతగారికి వారి నాయనగారు చెప్పారు, వారికి 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ శిష్యులెవరో చెప్పి ఉంటారు. పారంపర్యాన్ని నమ్మరాదన్న సత్యం మా ఇంట ఇంత భద్రంగా తరతరాలుగా దిగివచ్చింది.

విజయవాడలో మా బావగారిది కతోలిక కుటుంబం. ఏటా ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు వారింటికి వెళ్లి, కడుపునిండా భోంచేసి, "కొండమీద తలనీలాలిమ్మని ఏ సువార్తలో ఉంది బావగారూ?" అని అడగడం నా వాడుక. మొన్న ఆయన తాపీగా నా బైబిలు తెరిచి, "ఈ విషయసూచిక ఏ సువార్తలో ఉందోయ్?" అన్నారు.

ఇది అన్యాయమైన ప్రశ్న. కొత్త నిబంధనలోని 27 పుస్తకాలనూ, సరిగ్గా అవే, లెక్కకట్టి చెప్పినవారిలో మనకు తెలిసినంతలో మొదటివాడు అలెగ్జాండ్రియా బిషప్ అథనేషియస్. అదీ 367లో, పాస్కా (ఈస్టర్) పండుగ సందర్భంగా రాసిన ఉత్తరంలో. బిషప్పు, పండుగ, ఉత్తరం: మాకు గిట్టని సరుకంతా ఒక్కచోటే ఉంది! పైగా వారి బైబిలులో 73 పుస్తకాలు, మాదానిలో 66. లేఖనమే చాలునన్నప్పుడు, ఎన్ని పుస్తకాలు చాలునో కూడా లేఖనమే చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

1521లో జర్మనీలోని వర్మ్స్ సభలో లేఖనాధారం చూపనిదే తన మాట వెనక్కు తీసుకోనన్న మా మూలపురుషుడు లూథరుగారే మరుసటి ఏడాది కొత్త నిబంధనలోని యాకోబు పత్రికను గడ్డితో పోల్చారు. లేఖనాన్నే తూచగల ఆ తక్కెడ ఎక్కడ కొన్నారో చెప్పలేదు. 1546లో కతోలికుల ట్రెంట్ మహాసభ లేఖనాన్నీ పారంపర్యాన్నీ సమాన భక్తితో స్వీకరిస్తున్నామని తేల్చేసి, కనీసం దాపరికం లేకుండా చేసింది.

ఈ విషయంలో మన తెలుగు అనువాదకుల నేర్పును మెచ్చుకోక తప్పదు. గ్రీకులో పరదోసిస్ అన్న ఒకే మాట మార్కు 7లో యేసు తప్పుపట్టిన పరిసయ్యుల చేతిలో ఉన్నప్పుడు "పారంపర్యాచారము" అయింది. 2 థెస్సలొనీకయులకు 2:15లో పౌలు చేతికి రాగానే "విధులు" అయింది. అల్లుడు చేస్తే ముచ్చట, కొడుకు చేస్తే దుబారా అన్నట్టు.

ఇక మా సంఘం సంగతి. పేరు చెప్పను. మే నెల ఎండలకు వృద్ధులు సొమ్మసిల్లుతున్నారనీ, తొమ్మిదిన్నర ఆరాధనను ఏడింటికి మార్చుదామనీ ఒక కుర్రవాడు కమిటీలో ప్రతిపాదించాడు. "వాక్యం చూపించు" అన్నారు పెద్దలు. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థించాడన్న మార్కు 1:35ను అతడు చదివి వినిపించాడు. అది ప్రార్థన గురించేగాని ఆరాధన గురించి కాదనీ, తొమ్మిదిన్నర మన పెద్దలనాటి వేళ అనీ గంటన్నర చర్చ తరువాత తేలింది. తొమ్మిదిన్నరకు వాక్యం చూపించమని ఎవరూ అడగలేదు.

ప్రతిపాదన వీగిపోయింది. వ్యతిరేకంగా లేచిన చేతుల్లో నాదీ ఒకటి. ఈ సంగతి గుణదల దాకా పాకకుండా చూడవలసిందిగా పాఠకులకు మనవి.