పాఠం తెరకూ వంతులు కావాలి

మే నెల మధ్యాహ్నం. ఆకివీడు దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద ఒక కుర్రాడు మేం తయారుచేసిన ఆన్‌లైన్ పాఠాన్ని ఫోన్‌లో చూస్తున్నాడు, నేను పక్కన నిలబడ్డాను. నీటిలో కరిగిన ఆక్సిజన్ మీద పాఠం అది. తెర నిండా ఎనిమిది వరసల పట్టిక: పీహెచ్, సాలినిటీ, ఆల్కలినిటీ, అమ్మోనియా, ఇంకా ఏవేవో. వెనకాల నీళ్ల ఫొటో, దాని మీద తెల్లటి అక్షరాలు, మూలన లోగో, ఇంకో మూలన మాట్లాడే మనిషి. అతను ఎండకు అరచెయ్యి అడ్డం పెట్టి, రెండు వేళ్లతో తెరను పెద్దది చేసి, కాసేపు అటూ ఇటూ జరిపి, "ఇందులో ఏది చూడమంటారండీ?" అని అడిగాడు.

తెల్లవారుజామున రొయ్య పైకి తేలితే నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు వేయాలని అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. అలా ఎందుకు తేలుతుందో తెలుసుకుందామనే కోర్సులో చేరాడు. ఆ ఒక్క సంగతినే మేం పట్టికలో పూడ్చిపెట్టాం.

ఆన్‌లైన్ కోర్సుల మాట వస్తే మనవాళ్లు కంటెంట్ గురించి, యాప్ గురించి గంటలు గంటలు చర్చిస్తారు. డిజైన్ దగ్గరికొచ్చేసరికి చివరి రోజున ఒక టెంప్లేటు ఎంచుకుని రంగులు మారుస్తారు. పాఠం దెబ్బతినేది అక్కడేనని నా నమ్మకం. డెల్టాలో దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు చాలని ఏడాది కాలవలకు వంతులవారీగా వదులుతారు. అన్నిటికీ ఒక్కసారే వదిలితే శివారు చేనుకు చుక్క అందదు. నేర్చుకునేవాడి ధ్యాస కూడా అలా కొలతగా ఉన్న నీరే. విద్యా మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ 1988లో 'కాగ్నిటివ్ లోడ్' పేరుతో చెప్పిన సిద్ధాంతానికి మూలం ఇదే: కొత్త విషయాన్ని పట్టుకుని ఆలోచించే చోటు మనసులో చాలా చిన్నది. అదే రంగానికి చెందిన రిచర్డ్ మేయర్ దశాబ్దాలపాటు చేసిన ప్రయోగాలు ఇంకో సంగతి తేల్చాయి. బొమ్మను మాటతో వివరిస్తున్నప్పుడు అవే వాక్యాలను తెరమీద కూడా రాసిపెడితే సాధారణంగా నేర్చుకోవడం తగ్గుతుంది. కన్ను బొమ్మకూ అక్షరానికీ మధ్య తిరుగుతూ అలసిపోతుంది.

ఆ పాఠాన్ని మళ్లీ చేశాం. పట్టిక తీసేసి, చెరువును నిలువుగా కోసినట్టు ఒకే బొమ్మ గీశాం. మొదట ఎండ: నీటిలోని ప్లాంక్టాన్ అనే సూక్ష్మ నాచు ఆక్సిజన్ వదులుతుంది, ఆక్సిజన్ ఎంతుందో చూపే గీత పైకి పోతుంది. తర్వాత చీకటి: అదే ప్లాంక్టాన్, రొయ్యలు, అడుగున కుళ్లుతున్న మేత అన్నీ కలిసి ఆక్సిజన్ పీల్చుకుంటాయి, గీత దిగుతుంది. తెల్లవారుజామున బాగా కిందికొచ్చి ప్రమాదపు హద్దైన ఎర్రగీతను తాకుతుంది. తెరమీద రాసింది ఒక్కటే: '4 పీపీఎం', అంటే పది లక్షల వంతుల నీటిలో నాలుగు వంతుల ఆక్సిజన్. అమ్మోనియా సంగతి తర్వాతి పాఠానికి వెళ్లింది. మొత్తం నాలుగు నిమిషాలు. ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సులలో సుమారు 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడుగున్నా సగటు విద్యార్థి చూసేది ఆరు నిమిషాలకు మించలేదు. ఖరీదైన స్టూడియో వీడియోల కంటే సాదాగా తీసినవాటి ముందు, స్లైడ్ల కంటే చేత్తో గీస్తూ చెప్పినవాటి ముందు ఎక్కువసేపు కూర్చున్నారు. ఊళ్లో కూర్చుని పాఠాలు చేసేవాళ్లకు ఇంతకంటే ధైర్యమిచ్చే మాట లేదు.

ఇక మన అక్షరం. ఇంగ్లిషు టెంప్లేట్లన్నీ ఇంగ్లిషు అక్షరం ఎత్తుకు కుట్టిన చొక్కాలు. 'రాష్ట్రం' అనే మాట చూడండి: పైన తలకట్టు, కింద ట వత్తు, దాని పక్కన ర వత్తు. 'స్త్రీ'కి పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. ఇంగ్లిషుకు సరిపోయే పంక్తి ఎడంలో వీటిని పెడితే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిదీర్ఘాన్ని గుద్దుకుంటుంది. అక్షరం ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్ల ఎడం ఇవ్వండి, ఊపిరాడుతుంది. ఇంగ్లిషులో ముఖ్యమైన మాటను పెద్దక్షరాల్లో రాస్తారు, మనకు పెద్దక్షరాలే లేవు. వాలు అక్షరాలు మన లిపికి అతకవు. కాబట్టి మందం, రంగు, చుట్టూ ఖాళీ, ఈ మూడింటితోనే చూపును పిలవాలి. మందం ఎక్కువైతే 'ఘ', 'ఖ' లోపలి ఖాళీలు పూడుకుపోయి చిన్న తెరమీద మచ్చల్లా కనిపిస్తాయి. రామభద్ర ఫాంటు శీర్షికకు బాగుంటుంది, వివరణకు వద్దు. నోటో సాన్స్ తెలుగు, మండలి చదవడానికి హాయి. మూడూ ఉచితమే.

డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన పాఠం వెబ్‌లోకి తెస్తే పిచ్చి గుర్తులుగా మారుతుంది, యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. అడోబీ సాఫ్ట్‌వేర్‌లో 'వరల్డ్ రెడీ' అమరిక ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి. అన్నిటికంటే నన్ను బాధించేది వాక్యాలను ఫొటోగా మార్చి పెట్టడం. ఆ అక్షరాలను చూపులేని విద్యార్థికి ఫోన్ సరిగ్గా చదివి వినిపించలేదు.

సాధనాలకు పెద్ద ఖర్చు లేదు. గీతల బొమ్మలకు ఇంక్‌స్కేప్, రికార్డింగ్‌కు ఓబీఎస్ స్టూడియో, వీడియో మధ్యలో ఆపి ప్రశ్న అడగడానికి మూడుల్ అనే ఆన్‌లైన్ తరగతి వేదికలో హెచ్‌5పీ. ఇవన్నీ ఉచితం. ఇంక్‌స్కేప్‌లో గీసిన సాదా బొమ్మ ఎస్వీజీ ఫైలుగా కొన్ని కిలోబైట్లలో ఇమిడిపోతుంది. లంకల్లో సిగ్నల్ ఒక్క గీతకు పడిపోయినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

సాధనం కన్నా ఎక్కడి నుంచి చూపిస్తున్నామన్నదే పెద్ద ప్రశ్న. నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్లు నేర్చుకునేవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి పని నేర్పరు. పక్కన కూర్చోబెట్టుకుంటారు. సూది తిరిగే వైపు, దారం చుట్టే వైపు నేర్చుకునే పిల్లకు తన చేతుల్లో ఉన్నట్టే కనబడాలి. కెమెరాను ఎదురుగా పెడితే కుడి ఎడమైపోతుంది, ప్రతి కుట్టునూ మనసులో తిప్పుకోవాల్సి వస్తుంది. అందుకే మేం ఫోన్‌ను భుజం మీంచి చేతుల వైపు చూసేలా బిగించి తీశాం. ముఖం కనబడలేదని కోర్సు చేయించినవాళ్లు నొచ్చుకున్నారు. చేతులు కనబడాల్సిన పాఠంలో ముఖం అడ్డమని వాళ్లకు ఓపిగ్గా చెప్పాల్సి వచ్చింది.

అక్షరానికీ వెనకరంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. ఆ లెక్క సరిపోయినా మా పని పూర్తవదు. ఇప్పుడు ఏ పాఠమైనా విడుదలకు ముందు, వెలుగు తగ్గించిన పాత ఫోన్‌లో వేసుకుని మధ్యాహ్నం రెండింటికి గట్టు మీదకు వెళ్తాం. కిందటి వారం, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే పాఠంలో ఆకుపచ్చ మీద పసుపు అంకెలు ఎండలో మాయమయ్యాయి. వెనక్కొచ్చి తెలుపు మీద నలుపు చేశాం.