తెల్లవారకముందే కొలవండి

గోస్తని నది సముద్రంలో కలిసే భీమిలి మొగ దగ్గర వల విసిరేవాళ్లు చీకటితోనే నీళ్లలోకి దిగుతారు. నది ఆరోగ్యం తెలిసేది ఆ వేళే. మధ్యాహ్నం రెండింటికి తీసిన నమూనాను నమ్ముకుంటే ఏ నదైనా బాగున్నట్టే కనిపిస్తుంది.

కారణం నాచు. ఇళ్ల మురుగులోని నత్రజని, భాస్వరం తిని నాచు పెరుగుతుంది. పగలు ఎండలో అది ఆక్సిజన్ వదులుతుంది, పొద్దుగూకాక తానే పీల్చుకుంటుంది. మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు రాత్రీ పగలూ పీలుస్తూనే ఉంటాయి. అందుకే సూర్యోదయానికి కాస్త ముందు నీటిలో ఊపిరి అడుగంటుతుంది. 30 డిగ్రీల వేడిలో శుభ్రమైన మంచినీరే లీటరుకు 7.5 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ పట్టుకోలేదు, ఉప్పు కలిస్తే ఇంకా తక్కువ. చేపల మనుగడకు 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. అంటే వేసవిలో నదికి ఉన్న వెసులుబాటు మూడున్నర మిల్లీగ్రాములే. రాత్రిపూట గెడ్డ (వాగు) వంతెన మీద నుంచి ఒక్క సెప్టిక్ ట్యాంకరు ఖాళీ చేస్తే, ప్రవాహం లేని మడుగులో ఆ వెసులుబాటు తెల్లారేసరికి మిగలకపోవచ్చు.

వలవాళ్లకు ఈ సంగతి ముందే తెలుస్తుంది. కాలు పెడితే నల్లటి బురద, కుళ్లిన గుడ్డు వాసన. వల పైకి లాగితే చేపకంటే జిగట నాచే బరువు. రొయ్యలు గుంపుగా ఒడ్డుకు చేరితే చేతికందే వేటే అనిపిస్తుంది గానీ, అవి లోతు నీటిలో ఊపిరాడక పారిపోయి వచ్చినవి. కొర్రమీను, మార్పు చేపలు పైకొచ్చి గాలి మింగి బతకగలవు. అవి వలలో పడుతున్నాయి కాబట్టి నది బాగుందనడం పొరపాటు.

మొగ దగ్గర నష్టం సముద్రానికీ పాకుతుంది. పండుగప్ప, కత్తిపరిగ, సముద్రపు రొయ్య గుడ్లు పెట్టేది కడలిలో. పిల్లలు పోటుతో మొగలోకి వచ్చి ఉప్పుటేరులో పెరుగుతాయి. వేసవిలో ఇసుక మేట వేసి మొగ పూడితే నీరు మారదు, మురుగు లోపలే నిలుస్తుంది. 30 డిగ్రీల నీటిలో నాచు ఎక్కువై పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 నుంచి 8.5కి పెరిగితే, మురుగు వల్ల చేరిన మొత్తం అమ్మోనియాలో చేపను చంపే రూపం ఒక శాతం లోపు నుంచి దాదాపు 20 శాతానికి చేరుతుంది. మురుగు పెరగకుండానే విషం పెరగడమంటే ఇదే. ఎగువన తాటిపూడి దగ్గర గోస్తని నీటిని నిలిపి విశాఖ తాగుతోంది. కింద మిగిలిన నదిని కాపాడవలసిన బాధ్యత అందుకే నగరానికి రెట్టింపు.

మేము కోరుతున్నది ఖరీదైన పని కాదు. వలలు పడే చోటే, సూర్యోదయానికి ముందు, ఆటు అడుగంటినప్పుడు నీరు కొలవాలి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా వారానికోసారి, ఆపైన తొలకరి వాన పడిన మర్నాడు తప్పనిసరిగా. నెలల తరబడి కాలువల అడుగున పేరుకున్న మడ్డి అంతా మొదటి వానకే నదిలో పడుతుంది కాబట్టి ఆ రోజు తప్పిపోకూడదు.

పద్ధతి పాతదే. 300 మిల్లీలీటర్ల సీసాను గొట్టంతో అడుగు నుంచి నింపి, నీరు పొర్లాక మూత పెట్టాలి. లోపల ఒక్క గాలి బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. ఒడ్డునే మాంగనస్ సల్ఫేటు, క్షార అయొడైడు ద్రావణాలు రెండేసి మిల్లీలీటర్లు కలిపి సీసాను తలకిందులు చేస్తే అడుగున మడ్డి దిగుతుంది. అది గోధుమ రంగుకు తిరిగితే ఆక్సిజన్ ఉంది, తెల్లగానే ఉండిపోతే లేదు. అంకె ప్రయోగశాలలో తేలుతుంది గానీ, ఆ రంగు ఒడ్డున నిలబడ్డ ప్రతి వలకారుడికీ కనబడుతుంది. చేపలు చచ్చి తేలిన రోజున ఆలస్యం చేస్తే ఈ సాక్ష్యం పోతుంది. ఎండెక్కితే నాచు మళ్లీ ఆక్సిజన్ నింపేస్తుంది, కుళ్లిన చేప మొప్పల్లో ఏమీ తేలదు. కొన ఊపిరితో ఉన్న చేపలను ఏరి, ఐసులో పెట్టి, టైమూ ఆటుపోటులూ రాసి అదే రోజు పంపాలి.

ఆ అంకె ఫైల్లో ఉండిపోకుండా, పడవలు ఆగే రేవులో బోర్డు మీద సాయంత్రంలోగా సుద్దముక్కతో రాయించాలి. నాలుగు కంటే తక్కువ పడిన రోజున ఎగువ గెడ్డల వెంట ఏ కాలువ నుంచి, ఏ ట్యాంకరు నుంచి మురుగు దిగిందో ఆ రాత్రే వెళ్లి చూడాలి.