5 రూపాయల కోతతో 180 రూపాయల పన్ను తీరిపోదు

"ఆన్‌లైన్‌లో అమ్మేవారికి జీఎస్టీ బెడద లేదు. ప్లాట్‌ఫారమే కోసి కట్టేస్తుంది. బ్యాంకులో పడిందే టర్నోవర్. అమ్మకాలు లేని నెల రిటర్ను అక్కర్లేదు. 40 లక్షల లోపైతే రిజిస్ట్రేషనే వద్దు." చిన్న వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతున్న సందేశం ఇది. ఒక్కో మాటా చూద్దాం.

ప్లాట్‌ఫారం కోస్తుందన్నది నిజమే. ఆ కోత పేరు టీసీఎస్, అంటే అమ్మకం దగ్గరే ప్లాట్‌ఫారం వసూలు చేసి ప్రభుత్వానికి జమచేసే పన్ను. 2024 జూలై 10 నుంచి దాని రేటు అర శాతం, అంతకుముందు 1 శాతం. 18 శాతం పన్ను పడే వస్తువును 1,000 రూపాయలకు అమ్మారనుకోండి. కొన్నవారు 1,180 చెల్లిస్తారు. అందులో ప్లాట్‌ఫారం ప్రభుత్వానికి జమచేసేది 5 రూపాయలు. మిగతా 175 ఎవరు కడతారనుకున్నారో ఆ సందేశం రాసిన మహానుభావులే చెప్పాలి. ఆ 5 రూపాయలైనా జీఎస్టీ పోర్టల్‌లో మీరు ఆమోదిస్తేనే మీ క్యాష్ లెడ్జర్‌లోకి, అంటే పన్ను కట్టడానికి అక్కడ ఉండే మీ నగదు ఖాతాలోకి వస్తాయి.

అసలు ప్రమాదమంతా బ్యాంకు మాటలో ఉంది. అదే అమ్మకంలో కమీషన్ 150, దాని మీద జీఎస్టీ 27, టీసీఎస్ 5 పోతే ఖాతాలో పడేది 998. రిటర్నులో చూపాల్సింది మాత్రం 1,000 రూపాయల అమ్మకం, 180 పన్ను. కమీషన్ మీది 27 ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మీరు కొన్నవాటిపై ఇప్పటికే కట్టిన పన్నును తగ్గించుకోవడం), 5 లెడ్జర్ నుంచి సర్దుకున్నాక, సరుకు కొన్నప్పటి క్రెడిట్ ఏదీ లేకపోతే, ఇంకా 148 కట్టాలి. 998నే అమ్మకంగా రాసి ఊరుకుంటే కుదరదు. ప్లాట్‌ఫారం తాను వేసే రిటర్ను జీఎస్టీఆర్-8లో మీ పేరిట 1,000 చూపించే ఉంటుంది. తేడా పట్టుకోవడానికి ఏ అధికారీ మీ దుకాణానికి రానక్కర్లేదు.

కాబట్టి పాస్‌బుక్ పక్కన పెట్టి, ప్లాట్‌ఫారం ఇచ్చే అమ్మకాలు, కోతల లెక్క అయిన సెటిల్‌మెంట్ నివేదిక తెరవండి. ఆర్డరు సంఖ్య, పన్ను కలపని ధర, పన్ను, సరుకు చేరిన రాష్ట్రం, వాపసు వచ్చిందా లేదా అన్నవి వరుసగా రాసుకోండి. రాష్ట్రం ఎందుకంటే, సొంత రాష్ట్రంలో అమ్మితే పన్ను కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీగా పడుతుంది. వేరే రాష్ట్రానికి పంపితే మొత్తం ఐజీఎస్టీ పేరిట ఒకటే పన్ను. వాపసు వచ్చిన సరుకుకు, ఆ అమ్మకాన్ని లెక్కలోంచి తగ్గించే క్రెడిట్ నోట్ రాయాలి. ఇది మరిచిపోయి చేతికి రాని డబ్బుకు పన్ను కట్టేవారు చాలామందే ఉన్నారు.

అమ్మకాలు లేని నెల సంగతి రెండు ముక్కల్లో తేలుతుంది. సున్నా రిటర్ను వేయాల్సిందే. ఆలస్యమైతే రోజుకు 20 రూపాయల రుసుము. ఎస్ఎంఎస్‌తో అయిపోయే పనికి ఇంత బద్ధకం ఎందుకో!

ఇక 40 లక్షలు. తెలంగాణలో సరుకులకు ఆ ఏడాది టర్నోవర్ పరిమితి 20 లక్షలే, ఆంధ్రప్రదేశ్‌లో 40. పైగా ప్లాట్‌ఫారం ద్వారా సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే పరిమితితో పనిలేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2023 అక్టోబర్ 1 నుంచి ఇచ్చిన సడలింపు సొంత రాష్ట్రంలోనే అమ్మే చిన్నవారికి; వారూ పోర్టల్‌లో నమోదు సంఖ్య తీసుకోవాలి. అలా రిజిస్ట్రేషన్ లేనివారు బిల్లులో జీఎస్టీ వేయకూడదని జీఎస్టీ చట్టంలోని 32వ సెక్షన్ చెబుతోంది. ఎవరైనా సరే, పన్ను పేరిట వసూలు చేసిన సొమ్మును కట్టకుండా ఉంచుకుంటే దాన్ని వడ్డీతో సహా రాబట్టడానికి 76వ సెక్షన్ ఉంది.